కొల్లేటి చాంతాడు

కైకలూరు దాటాక, కొల్లేరు అభయారణ్యం హద్దైన ఐదో కాంటూరుకు పైన, ఒక చేపల చెరువు గట్టు మీద విన్న మాటలివి. జనవరి నెల, తెల్లవారుజామున నాలుగున్నర. చెరువు నా చిన్ననాటి స్నేహితుడిది. ముప్పై ఏళ్ళుగా బొచ్చె, శీలావతి తప్ప వేరే ధ్యాస లేని మనిషి. అతని మేనకోడలు తాడేపల్లిగూడెంలో ఉండి జువాలజీలో పీజీ చదువుతోంది. పరిశోధనకు ఏ విషయం తీసుకోవాలో తేలక, మావయ్యతో మాట్లాడదామని ముందురోజు రాత్రి బస్సు దిగింది. మకాంలో ముగ్గురం టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. వాళ్ళిద్దరూ వాదించుకున్నారు, నేను విన్నాను. గుర్తున్నంతవరకు వాళ్ళ మాటల్లోనే రాస్తున్నాను.

మేనమామ: ఏమే అమ్మడూ, మొన్న ఫోనులో చదివిన జాబితా ఇంకోసారి చదువు. వీడూ వింటాడు.

మేనకోడలు: ఆటపాకలో గూడబాతుల గూళ్ళు. గుంటుపల్లి గుహలు. పెదవేగి దిబ్బలు. ఏలూరు తివాచీలు. రాజమండ్రిలో దామెర్ల రామారావు బొమ్మలు. బెజవాడ బాపు మ్యూజియం. లంక ఊళ్ళలో నీటి మొక్కలకు జనం పెట్టుకున్న పేర్లు. ఏలూరు కావలి సోదరులు.

మేనమామ: కొల్లేటి చాంతాడంత ఉంది. ఇందులో నీ చదువేది, నీ సరదా ఏది?

మేనకోడలు: నాకు ఆ రెండూ వేరుగా కనబడటం లేదు మావయ్యా. అందుకే నీ దగ్గరికి వచ్చాను.

మేనమామ: నా దగ్గర ఉన్నది ఒక్క సమాధానమే. ఇప్పుడు టైమెంతయింది? నాలుగున్నర. ఈ వేళప్పుడు నేనెందుకు లేచి ఉన్నానో తెలుసా? పగలు ఎండలో నీటిలోని సన్న నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయ్యాక అదే నాచు చేపలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లారే ముందు నీటిలో గాలి అడుగంటుతుంది. మబ్బు పట్టిన మర్నాడైతే మరీ ఘోరం. చేప పైకి తేలి నోరు తెరిచిందంటే అరగంటలో ఏరియేటర్లు తిరగాలి. లేకపోతే ఏడాది కష్టం నీళ్ళపాలు. ఇది నాకు పుస్తకం చెప్పలేదు. ఒకే నీళ్ళని ముప్పై ఏళ్ళు చూస్తే తెలిసింది. ఒక చెరువు చూసుకోవడానికే జన్మ చాలదే పిల్లా. నువ్వు ఎనిమిది బావులు మొదలుపెట్టి ఎనిమిదింటా మూడేసి అడుగులు తవ్వుతానంటున్నావు. ఒక్కదాంట్లోనూ నీళ్ళు పడవు.

మేనకోడలు: లోతుగా చూడటం గొప్పదే, కాదనను. కానీ ఒకచోట చూసింది ఇంకోచోట కన్ను తెరిపిస్తుంది. అదే చెప్పాలి నీకు. పోయిన నెల గుంటుపల్లి వెళ్ళాను.

మేనమామ: జీలకర్రగూడెం కొండేనా?

మేనకోడలు: అవును, కామవరపుకోట మండలం. కొండని తొలిచిన గుండ్రటి చైత్యం ఒకటి ఉంది. క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం నాటిదంటారు. లోపలికి వెళ్ళి తలెత్తి చూశాను. పైకప్పంతా రాతి వాసాలు. చుట్టూ గోడ మీంచి లేచి నడినెత్తిన కలుస్తున్నాయి. వాటికి అడ్డంగా పెండెలలాంటి చెక్కడాలు. రాతికి వాసాలెందుకు మావయ్యా? కొండకి కప్పు కూలిపోతుందన్న భయం లేదుగా?

మేనమామ: అలవాటు. చెక్కినవాడు అంతకు ముందు కర్రతో కట్టి ఉంటాడు.

మేనకోడలు: అంతే! కర్రతో కట్టిన గుండ్రటి గుడి రూపాన్ని అలాగే రాతిలోకి దించారు. చరిత్రకారులు ఎప్పుడో రాసిన సంగతే ఇది, నేను కనిపెట్టింది కాదు. కానీ అది నాకు పుస్తకంలా అనిపించలేదు. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చుట్టిల్లు కప్పుతుంటే చూశానుగా. మధ్యలో నిట్రాడు, దాని మీద ఆనిన వాసాలు, వాసాలకు పెండెలు, పైన తాటాకు. గుంటుపల్లిలో నిట్రాడు నిలబడాల్సిన చోట స్తూపం ఉంది. చుట్టింటిని చూసిన కన్ను కాబట్టి ఆ తేడా చటుక్కున పట్టుకుంది.

మేనమామ: బాగుంది. చూసి ఆనందించావు. మరి జువాలజీ ఎక్కడ?

మేనకోడలు: వస్తున్నా. ఆ మర్నాడే ఆటపాక వెళ్ళాను. గూడబాతులు చెట్ల మీదా, అటవీ శాఖవాళ్ళు నీటిలో పాతిన ఇనుప స్టాండ్ల మీదా గూళ్ళు పెట్టుకున్నాయి. అంతకు ముందు ఎన్నిసార్లు వెళ్ళినా పిట్టనే చూసేదాన్ని. ముక్కు మీద చుక్కలు, కింద వేలాడే సంచి, ఎగిరేటప్పుడు మెడ మడిచే తీరు. ఆరోజు మొదటిసారి గూడుని చూశాను. దేంతో కట్టింది? ఏ పుల్ల కింద, ఏ ఆకు పైన? కొమ్మ లేని ఇనుము మీద మొదటి పుల్ల ఎలా నిలబెట్టింది? గుహలో ‘దేంతో కట్టారు’ అని అడక్కపోతే గూడు దగ్గర ఆ ప్రశ్న నాకు పుట్టేది కాదు. బావులు ఎనిమిదైనా అడుగున జల ఒకటే.

మేనమామ: మాటకేం, బాగానే ఉంది. మీ రాజమండ్రి బొమ్మల సంగతే తీసుకుందాం. దామెర్ల రామారావు గురించి నేనూ చదివాను. ఎప్పుడు పుట్టాడు?

మేనకోడలు: 1897లో. 1925లో మశూచి సోకి పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు.

మేనమామ: చూశావా! అంత చిన్న వయసులో పోయినా రాజమండ్రిలో ఆయన బొమ్మల గ్యాలరీకి జనం ఇంకా వెళ్తున్నారంటే కారణం ఒకటే. ఇంకో పని పెట్టుకోలేదు. బొమ్మ, బొమ్మ, బొమ్మ. ఆయన తోటివాడే మన వైపువాడు అడివి బాపిరాజు. ఇద్దరికీ గురువు ఒకడే, కూల్డ్రే దొర. బాపిరాజు కవి, నవలలు రాశాడు, బొమ్మలు వేశాడు, లా చదివాడు, బందరు జాతీయ కళాశాల నడిపాడు, సినిమాలకు కళాదర్శకత్వం చేశాడు, ‘మీజాన్’ పత్రిక నడిపాడు. ఇన్ని చేసినవాడిని చిత్రకారుల్లో ముందు వరసలో ఎవరు చెప్తారు?

మేనకోడలు: ‘హిమబిందు’ని చిత్రకారుడు కానివాడు రాయగలడా? ‘నారాయణరావు’కీ ‘వేయిపడగలు’కీ కలిపి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి ఇచ్చింది. బాపిరాజు వాక్యంలో రంగులు కనిపిస్తాయంటే కారణం ఆ చేతిలో కుంచె ఉండటమే. ఒక పని ఇంకో పనిని తినెయ్యలేదు, దానికి తిండి పెట్టింది. ఇంకో మాట. నువ్వు చెప్పిన కూల్డ్రే ఎవరు? రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు, ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవాడు. బొమ్మలు నేర్పడం ఆయన ఉద్యోగం కాదు. తన పాఠం తను చెప్పుకుని ఇంటికి వెళ్ళిపోయి ఉంటే నీ దామెర్ల ఎక్కడుండేవాడు? ఒకే పని పట్టుకున్న శిష్యుణ్ణి తయారు చేసింది పది ఇష్టాలున్న గురువే మావయ్యా.

మేనమామ: ఊఁ. ఆ దెబ్బ తగిలింది. సరే, గురువు ఉద్యోగంలో కుదురుకున్నాకే పది ఇష్టాలు పెట్టుకున్నాడు. నీకింకా కాలు నిలిచే చోటు లేదు. ఆ కావలి సోదరుల కథేంటి? ఏలూరు వాళ్ళంటున్నావు.

మేనకోడలు: ఏలూరు వాళ్ళే. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1776లో పుట్టాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడిగా కాలిన్ మెకంజీ అనే కంపెనీ సర్వే అధికారి దగ్గర చేరాడు. మెకంజీ పని భూమి కొలవడం. కానీ ఆయనకు గుళ్ళు, శాసనాలు, నాణేలు, ఊరి కథలు అన్నీ కావాలి. భాష రాదు. ఆ తలుపు తెరిచింది బొర్రయ్యే. ఈ దేశపు విద్యల్లోకి తన ప్రవేశం బొర్రయ్య వల్లే జరిగిందని మెకంజీ తన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. మైసూరు సర్వేలో తిరుగుతూ బొర్రయ్య పాత కన్నడ శాసనాలు చదివాడు, జైనుల గురించి రాసి పంపాడు. ఒక్క మనిషిలో ఎన్ని చదువులో చూడు! ఆయనకు ఇప్పటి నా వయసే ఉంటుంది.

మేనమామ: తర్వాత?

మేనకోడలు: 1803లో పోయాడు. నిండా ముప్పై ఏళ్ళు లేవు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. ఊరూరా మనుషుల్ని పంపి కరణాల దగ్గర, గుడి పూజారుల దగ్గర వివరాలు రాయించారు. అవే కైఫీయతులు. ఊరి పేరు, పొలిమేరలు, గుడి, మాన్యాలు, చెరువులు, ఏలినవాళ్ళు. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో పోయాడు. అప్పటికి పోగైన లెక్క చెప్తాను విను. శాసనాల నకళ్ళు 8,076. నాణేలు 6,218. బొమ్మలు 2,630. ఊళ్ళ వివరాలు 2,070.

మేనమామ: మరి ఆ మెకంజీ దాంట్లోంచి రాసిన గ్రంథం పేరు?

మేనకోడలు: లేదు. రాయలేకపోయాడు.

మేనమామ: అదుగో, నేను చెప్పేది అదే! కొండంత పోగేశాడు, ఒక్క పుస్తకం రాయలేదు. ఆ లక్ష్మయ్య ఏమయ్యాడు?

మేనకోడలు: మెకంజీ భార్య దగ్గర్నుంచి కంపెనీ ఆ సేకరణని లక్ష రూపాయలకు కొనుక్కుంది. ఆ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు కాదన్నారు. దేశీయుడికి అంత పని నడిపించే సత్తా ఉండదని వాళ్ళ ఉద్దేశం.

మేనమామ: అది వాళ్ళ అహంకారం. అంతకంటే పెద్ద తప్పు లేదు. కానీ నా ప్రశ్న నీకు, వాళ్ళక్కాదు. ఇద్దరు ఏలూరు కుర్రాళ్ళ జీవితాలు ఆ పోగులో కరిగిపోయాయి. పేరు మెకంజీది. ‘కావలి’ అంటే ఈ రోజు ఏలూరు బజార్లో ఎవరికి తెలుసు? వాళ్ళు ఒకే విషయం పట్టుకుని తమ పేరున ఒక గ్రంథం రాసుంటే ఇలా జరిగేదా?

మేనకోడలు: మూడోవాడు రామస్వామి రాశాడుగా. 1829లో దక్కను కవుల జీవితాలు ఇంగ్లీషులో అచ్చేయించాడు. అంతకు ముందు 1825లో ‘విశ్వగుణాదర్శం’ ఇంగ్లీషు చేశాడు. ఆ కావ్యం ఏమిటో తెలుసా? ఇద్దరు గంధర్వులు విమానంలో దేశమంతా తిరుగుతుంటారు. ఒకడు ప్రతి ఊళ్ళోనూ తప్పు చూపిస్తాడు, ఇంకొకడు మంచి చూపిస్తాడు. మనిద్దరిలాగే!

మేనమామ: ఇందులో నేను కృశానుణ్ణన్నమాట. తప్పులు పట్టేవాణ్ణి.

మేనకోడలు: కృశానుడు లేకపోతే కావ్యమే లేదు మావయ్యా. అన్నట్టు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీ సేకరణలో థామస్ హికీ 1816లో వేసిన చిత్రం ఒకటుంది. మెకంజీ ఎర్ర కోటు తొడుక్కుని నిలబడ్డాడు. పక్కన ముగ్గురు మనవాళ్ళు. అందులో ఒకరు కావలి లక్ష్మయ్య అని గుర్తించారు. ఏలూరు మనిషి ముఖం లండన్‌లో ఉంది. ఆ సంగతి ఏలూరు పిల్లలకు తెలియదు. నాకిది కోపం తెప్పిస్తుంది. ఇది సరదా అంటావా?

మేనమామ: అనను. కానీ కోపం పరిశోధన కాదు. ఒక్కటి చెప్పు. ఆ 2,070 ఊళ్ళ వివరాలు ఇవాళ్టికీ పనికొస్తున్నాయంటే ఎందుకు? వాళ్ళకు పది ఇష్టాలు ఉన్నందుకా?

మేనకోడలు: అంటే?

మేనమామ: నువ్వే అన్నావు. ఊరి పేరు, పొలిమేరలు, చెప్పినవాళ్ళెవరు. ప్రతి కాగితం మీదా అది ఏ ఊరిదో ఉంది. ఆ ముక్క లేకుండా వట్టి కథలు పోగేసి ఉంటే ఈపాటికి ఆ కాగితాలు చిత్తు. పది విషయాల మీద ఇష్టం ఉన్నవాళ్ళు లోకంలో కోకొల్లలు. చూసింది ఎక్కడ, ఎప్పుడు అని రాసుకునేవాళ్ళు వేయికొకరు.

మేనకోడలు: మావయ్యా, ఈ మాట నువ్వే అన్నావు చూడు! మ్యూజియంలో నేను నేర్చుకుంది అదే. మొదట్లో విగ్రహం చూసేదాన్ని. ఇప్పుడు ముందు కింద చీటీ చూస్తున్నాను. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది. చీటీ లేని శిల్పం అందంగా ఉంటుంది, కానీ మూగది. అమరావతి సంగతి తీసుకో. అక్కడ స్తూపం దిబ్బ తవ్వి రాళ్ళు ఇళ్ళకూ కట్టడాలకూ వాడేసుకున్నారు. మిగిలినవి కొన్ని మద్రాసు చేరాయి, కొన్ని లండన్ చేరాయి. మెకంజీ మొదట 1790ల చివర్లో చూశాడు, మళ్ళీ 1816లో మనుషులతో వెళ్ళి ఏ రాయి ఎలా ఉందో బొమ్మలు వేయించాడు. ఆ రాళ్ళలో కొన్ని తర్వాత కనబడకుండా పోయాయి. వాటికి మిగిలింది ఆ బొమ్మలే. గ్రంథం రాయకపోయినా బొమ్మ వేయించి పెట్టాడు కాబట్టి పోయిన రాయి కూడా మనకు దొరికింది.

మేనమామ: ఇది ఒప్పుకుంటాను. మరి ఈ చీటీ సంగతి పిట్టలకు పనికొస్తుందా?

మేనకోడలు: పిట్టలకే ఎక్కువ పనికొస్తుంది. రాయి కదలదు, పిట్ట లేచిపోతుంది. కె.కె. నీలకంఠన్ అని మలయాళీ, ఇంగ్లీషు మాస్టారు. తర్వాత కేరళ పక్షుల మీద మలయాళంలో పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన 1946లో, ఇరవై మూడేళ్ళ వయసులో, పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల గూళ్ళ గుంపు చూసి రాసిపెట్టాడు. తర్వాత కొన్నేళ్ళకి పిట్టలు ఆ చోటు వదిలేశాయి. ఆరేడువాళ్ళకి ఆయన కంటే ముందే తెలుసు తమ చెట్ల మీద గూడబాతులున్నాయని. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నారు. కానీ రాసినవాడు లేడు. ఆ మాస్టారు ‘నా పని ఇంగ్లీషు, పిట్టలతో నాకేం పని’ అనుకుని ఉంటే ఈ దేశంలో గూడబాతుల చరిత్రలో ఆరేడు పేరే ఉండేది కాదు.

ఇక్కడ కాసేపు మాట ఆగింది. మావయ్య లేచి బ్యాటరీ లైటు తీసుకుని గట్టు దిగాడు. నీటి అంచున వంగి చూశాడు. తవుడు బస్తాలు కట్టిన వెదురు గడల దగ్గర చేప చిన్నగా కదులుతోంది, పైకి తేలలేదు. తిరిగొచ్చి కూర్చున్నాడు.

మేనమామ: నువ్వు చెప్పినవన్నీ పెద్దవాళ్ళ కథలు. ఈ కొల్లేరు సంగతి చెప్పు. దీనికి నీ పది ఇష్టాలు ఏం ఒరగబెడతాయి?

మేనకోడలు: కొల్లేరుకి జరిగిందే ఒంటికంటి చూపు వల్ల మావయ్యా. వరద చూసినవాడికి ఇది ముంపు. చేపలు చూసినవాడికి చెరువులు తవ్వే జాగా. పిట్టలు చూసినవాడికి అభయారణ్యం, 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సరస్సులో చెరువు గట్లు కొట్టేశారు. ఒక్కొక్కరు ఒక్కో ముక్క పట్టుకున్నారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళూ, ఉప్పుటేరు దాకా వెళ్ళే నీళ్ళూ, కిక్కిస, గుర్రపుడెక్క, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, వలవేసే వడ్డివాళ్ళ లెక్కలు, అన్నీ ఒకే నీటిలో ఉన్నాయి. ‘భద్రం కొడుకో’ సినిమా తీసిన అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవల రాశాడు. ఆ నవలలో ఉన్న కొల్లేరు ఏ శాఖ ఫైల్లోనూ లేదు.

మేనమామ: ఇక్కడ నేను గట్టిగా కాదంటాను, విను. గట్లు తెగిన ఏడాది నేను చూశాను. కూలి పోయినవాళ్ళు, అప్పులపాలైనవాళ్ళు నా చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ళకు కావలసింది అన్నీ తెలిసిన మనిషి కాదు. ఒక్క విషయం గట్టిగా తెలిసినవాడు. ఉప్పుటేరులో నీరు ఎంత పోతోంది, ఉప్పు నీరు ఎంత వెనక్కి ఎక్కుతోంది, ఏ మట్టంలో ఏ చేప బతుకుతుంది, ఈ లెక్క చెప్పగలిగినవాడు. పది కళ్ళు కావాలి, నిజమే. కానీ పది కళ్ళు పదిమందికి ఉండాలి. ఒక్కో కన్ను గట్టిగా చూడాలి. ఒకే మనిషికి పది కళ్ళుంటే అన్నీ మసకే.

మేనకోడలు: ఆ పదిమందీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలిగా? మధ్యలో ఒక్కరికైనా పదిమంది భాషా అర్థం కావాలి. కైఫీయతు రాసినవాడికి కరణం మాటా తెలియాలి, పూజారి మాటా తెలియాలి, దొర మాటా తెలియాలి. బొర్రయ్య పని అదే. ఇంకో సంగతి. నువ్వు ఒకే బావి లోతుగా తవ్వమన్నావు. సరే. లోతు బావిలో నీళ్ళు తోడాలంటే పొట్టి తాడు చాలుతుందా? కొల్లేటి చాంతాడే కావాలి. నా జాబితా పొడుగ్గా ఉందని వెక్కిరించావు. నా పది ఇష్టాలూ తాడుకి పేనిన పీచులు.

మేనమామ: ఓహో! చాంతాడు నాకే చుట్టావు. బాగుంది. అయితే తాడు చివర ఏం కట్టావు?

మేనకోడలు: చివరా?

మేనమామ: చేద కట్టకుండా తాడు వేస్తే నీళ్ళు వస్తాయటే? తాడు తడుస్తుంది, అంతే. నీకున్నదంతా తాడే. చేద ఏది?

మేనకోడలు మాట్లాడలేదు. మావయ్య మకాం లోపలికి వెళ్ళి, గోడ మేకుకి తగిలించిన గోనెసంచిలోంచి అట్టలు వంగిపోయిన నోటు పుస్తకాలు తెచ్చాడు. పైన ఉన్నది లాంతరు కిందకి జరిపి తెరిచాడు. చెరువు లెక్క. తేదీ, మేత బస్తాలు, నీటి మట్టం, మబ్బు ఉందా లేదా, చేప తేలిందా లేదా. ఒక్కో రోజుకి ఒక్కో గీత. తను ఏ రోజుకారోజు రాసుకున్నది.

పిల్ల ఆ పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. పేజీ అంచున, ఎర్ర పెన్నుతో చిన్న అక్షరాలు: ‘గూడబాతులు వచ్చాయి. పడమటి గట్టు. కాపలాకి ఇద్దరు.’ పక్కన తేదీ. ముందు ఏడాది పుస్తకం తీసింది. అదీ ఉంది. దాని ముందుదీ ఉంది. చేపల్ని పిట్టలు ఎత్తుకుపోకుండా కాపలా పెట్టుకోవాలి కాబట్టి అవి వచ్చిన రోజూ వెళ్ళిన రోజూ మావయ్య ప్రతి ఏడాదీ రాసిపెట్టుకున్నాడు. పంతొమ్మిది పుస్తకాలు.

మేనకోడలు: మావయ్యా, ఇవేంటో నీకు తెలుసా?

మేనమామ: కాపలావాళ్ళ కూలి లెక్క.

మేనకోడలు: పంతొమ్మిదేళ్ళ గూడబాతుల లెక్క! తేదీ, చోటు, మబ్బు, నీటి మట్టం అన్నీ పక్కపక్కనే. ప్రతి జనవరిలో ఆసియా దేశాల్లో నీటి పక్షుల్ని లెక్క పెడతారు, 1987 నుంచి. అది ఏడాదికొకసారి. నీ దగ్గర ఏడాది పొడవునా ఉంది. నీకు ఒకే ధ్యాస అన్నావు. నీ ఒకే ధ్యాసలో పిట్ట కూడా ఉంది, మబ్బు కూడా ఉంది, కూలిమనిషి కూడా ఉన్నాడు.

మేనమామ: అందుకే చెప్తున్నాను. నేను పిట్టని ప్రేమించి రాయలేదు. రోజూ రాశాను, అంతే. నువ్వు ప్రేమిస్తున్నావు. రోజూ రాయడం లేదు. గుంటుపల్లి వెళ్ళావు కదా, ఏ తేదీన?

మేనకోడలు: పోయిన నెల... రెండో ఆదివారమో, మూడోదో.

మేనమామ: గూళ్ళు చూశావు. ఎన్ని? ఇనుము మీద ఎన్ని, చెట్టు మీద ఎన్ని?

మేనకోడలు: లెక్కపెట్టలేదు.

మేనమామ: అదీ సంగతి. గుంటుపల్లికి వెళ్ళు, రాజమండ్రికి వెళ్ళు, నేను వద్దనను. బొమ్మ చూడు, తివాచీ ముడులు చూడు. కానీ ఆటపాకలో ఒక్క చెట్టు, ఒక్క ఇనుప స్టాండు ఎంచుకో. మొదటి పుల్ల పెట్టిన రోజునుంచి పిల్ల ఎగిరిన రోజుదాకా వారం వారం రాయి. ఏ పుల్ల, ఏ మొక్కది, ఎక్కణ్ణుంచి తెచ్చింది, ఏ గూడు నిలిచింది, ఏది పడిపోయింది. నీ గుహలో ప్రశ్న అక్కడ అడుగు. అదే నీ చేద.

మేనకోడలు: ఆ పుల్లల పేర్లు లంక ఊళ్ళవాళ్ళని అడిగి రాస్తాను. ఎవరు చెప్పారో కూడా రాస్తాను. లక్ష్మయ్య మనుషులు రాసినట్టు. మరి ఈ పుస్తకాలు?

మేనమామ: తీసుకెళ్ళు. ఫొటోలు తీసుకుని మళ్ళీ తెచ్చి ఈ మేకుకే తగిలించు. నాకు కాపలా లెక్క కావాలి.

మేనకోడలు: ఒప్పుకున్నావన్నమాట.

మేనమామ: ఒప్పుకోలేదు. పది విషయాలు పట్టుకున్నవాడు చెడిపోయే అవకాశమే ఎక్కువని ఇప్పటికీ అంటాను. నువ్వు చెడిపోకుండా ఉండాలంటే ఒక పుస్తకం పెట్టుకోమంటున్నాను.

మేనకోడలు: నేనూ ఒప్పుకోలేదు. ఒక్కటే చూసినవాడికి తన ముందున్నది కూడా పూర్తిగా కనబడదని ఇప్పటికీ అంటాను. నీ ఎర్ర పెన్ను అక్షరాలే సాక్ష్యం. పంతొమ్మిదేళ్ళు నీ ముందే ఉన్నాయి, అవేంటో నీకు తెలియలేదు.

తెల్లారింది. గూడబాతులు మూడు, చెరువు మీంచి ఆటపాక వైపు తక్కువ ఎత్తులో ఎగిరి వెళ్ళాయి. ఇద్దరూ తలెత్తి చూశారు. పిల్ల సంచిలోంచి కొత్త నోటు పుస్తకం తీసి మొదటి పేజీలో తేదీ వేసింది, చెరువు పేరు రాసింది, ‘మూడు, పడమటికి’ అని రాసింది.

నా తీర్పు అడిగితే ఇద్దరూ నెగ్గారనను. మావయ్య చెప్పిన లోతు లేకపోతే చదువు కబుర్లయిపోతుంది. పిల్ల చెప్పిన వెడల్పు లేకపోతే చేతిలో ఉన్నదాని విలువ తెలియదు. రెంటినీ కలిపేది చీటీ. చోటు, తేదీ, చెప్పినవాళ్ళ పేరు. ఏలూరు కావలి సోదరులు రెండు వందల ఏళ్ళ కిందట చేసిన పని అదే, ఆరేడులో ఇంగ్లీషు మాస్టారు చేసిందీ అదే.

మన ఊళ్ళలో పిట్టల్నీ, పాత రాళ్ళనీ, నేతనీ, నీటినీ ఇష్టపడే పిల్లలు ఉన్నారు. ‘నీకు పని లేదా’ అని వాళ్ళని అదిలించకండి. అడక్కుండానే ఒక నోటు పుస్తకం కొనిపెట్టండి. మీ ఇంట్లో చేను లెక్కలు, చెరువు లెక్కలు, పడవ లెక్కలు రాసిన పాత పుస్తకాలుంటే చిత్తు కాగితాలవాడికి వేసే ముందు ఆ పిల్లలకు ఒకసారి చూపించండి.